రానన్నాడా? రాడన్నాడా?

ముందుగా ఒక చిన్న పరీక్ష. కాగితం, పెన్సిలు అక్కర్లేదు. "రానన్నాడు", "రాడన్నాడు" అనే ఈ రెండు మాటల్నీ ఇంగ్లీషులోకి మార్చండి చూద్దాం.

మొదటిదానికి "హి సెడ్ హి వుడ్ నాట్ కమ్" అని వచ్చిందా? మరి రెండోదానికి? మళ్ళీ అదే వస్తుంది! తెలుగులో ఈ రెంటికీ హస్తిమశకాంతరం ఉంది. రానన్నాడంటే చెప్పినవాడే రానివాడు. రాడన్నాడంటే చెప్పినవాడొకడు, రానివాడు ఇంకొకడు. ఆదివారం పెళ్ళికి భోజనాలు లెక్కేసే ఇంటాయనకి ఈ తేడా చాలా ముఖ్యం. ఒక్క అక్షరంలో మనం తేల్చేసే ఈ సంగతి చెప్పడానికి ఇంగ్లీషువాడు "ది అదర్ ఫెలో" అనో, పేరు పెట్టో, చెయ్యి చూపించో నానా అవస్థా పడాలి.

ఇంకో ఉదాహరణ చూడండి. "రవి టోల్డ్ మురళి దట్ హి హాడ్ ఫెయిల్డ్." పరీక్ష తప్పింది ఎవరు? రవి కావచ్చు, మురళి కావచ్చు, వీళ్ళిద్దరూ జాలిపడుతున్న మూడోవాడెవడో కావచ్చు. ఇదే తెలుగులో అయితే రవి మురళికి "ఫెయిలయ్యానని" చెప్పాడా, "ఫెయిలయ్యావని" చెప్పాడా, "ఫెయిలయ్యాడని" చెప్పాడా అన్నదాన్నిబట్టి ఎవరి ఇంట్లో ఆ పూట అన్నం ఉడకలేదో తెలిసిపోతుంది. పెద్ద గ్రామరు ఉన్న భాషల ముందు మనది ఏదో ఇంటిభాష అనుకునే పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి. నేను చాలామంది మీద ప్రయోగించాను, బాగానే పనిచేస్తుంది.

ఈ డైరెక్టు, ఇండైరెక్టు స్పీచి అనే బ్రహ్మపదార్థం మనలో చాలామందికి హైస్కూల్లో పరిచయం. నా తరంవాళ్ళకి బాగా గుర్తుండాలి. ఇన్వర్టెడ్ కామాలు తీసెయ్యాలి, "సెడ్ టు"ని "టోల్డ్" చెయ్యాలి, "దట్" తగిలించాలి, "నౌ"ని "దెన్" చెయ్యాలి, "టుమారో"ని "ది నెక్స్ట్ డే" చెయ్యాలి, "హియర్"ని "దేర్" చెయ్యాలి. పురుషలు మార్చడానికి ట్యూషను మాస్టార్లు కనిపెట్టిన మంత్రం ఒకటుంది, "ఎస్ ఓ ఎన్, వన్ టూ త్రీ" అని. ఫస్టు పర్సను కర్తనిబట్టి మారుతుంది, సెకండు పర్సను కర్మనిబట్టి మారుతుంది, థర్డు పర్సను మారదు. సబ్జెక్టు, ఆబ్జెక్టు, నో ఛేంజి. ఇది తెలిస్తే వాక్యం అర్థం కాకపోయినా మార్కులు పడతాయి. ఆ వాక్యాల్లో మనుషులు కూడా వింతగా ఉండేవారు. ఎవరైనా "హుర్రే" అంటే వాడు సంతోషంతో ఉద్ఘోషించినట్టు రాయాలి, "అయ్యో" అంటే దుఃఖంతో ఉద్ఘోషించినట్టు రాయాలి. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, ఒక్క అమెరికనూ నా ఎదుట ఇంతవరకూ ఏదీ ఉద్ఘోషించలేదు.

ఆ పద్ధతికి మూలపురుషులు రెన్ అండ్ మార్టిన్. అందులో రెన్ అనే ఆయన, పూర్తి పేరు పెర్సివల్ క్రిస్టొఫర్ రెన్, బ్రిటిషు జమానాలో మన దేశంలో విద్యాశాఖలో పనిచేశాడు. 1924లో వచ్చిన "బో జెస్ట్" అనే సాహస నవల రాసింది కూడా ఆయనే. ఫ్రెంచి ఫారిన్ లీజియను, సహారా ఎడారి, కోటలు, కాల్పులు ఉండే కథ. హాలీవుడ్డువాళ్ళు దాన్ని ఒకటికి మూడుసార్లు సినిమాగా తీశారు. అంత రసవత్తరమైన కథలు రాసిన మనిషి మనకి మాత్రం ఉద్ఘోషాలు మిగిల్చిపోయాడు. తరవాతి కాలంలో ఆ గ్రామరు పుస్తకాన్ని సవరించి ఇప్పటి రూపానికి తెచ్చిన ఆయన పేరు ఎన్.డి.వి. ప్రసాదరావు. పేరునిబట్టి చూస్తే మనవాడే అనిపిస్తుంది.

సరే, ఇంగ్లీషు అలా ఉంటే తెలుగు ఏం చేస్తుంది? మన తెలుగు వాచకాల్లోనూ ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని పాఠం ఉంటుంది. "నేను రాను" అని రాజు అన్నాడు. దీన్ని మారిస్తే "తాను రానని రాజు అన్నాడు" అవుతుంది. గమనించారా? "నేను" మారి "తాను" అయింది గానీ, "రాను" అన్న క్రియ మారలేదు! "తాను" అనేది థర్డు పర్సను, "రాను" ఫస్టు పర్సను. ఇంగ్లీషు మాస్టారు చూస్తే ఎర్రసిరా పెన్ను తీస్తాడు. కానీ తెలుగులో అదే సరైన వాక్యం. సగం డైరెక్టు, సగం ఇండైరెక్టు. రాజు నోట్లోంచి వచ్చిన మాట చివరి ముక్కని అలాగే చెక్కుచెదరకుండా మనం పట్టుకొస్తాం. ఆ ముక్కే మొదటి పేరాలో చెప్పిన మన గొప్పతనానికి కారణం. ప్రపంచంలో చాలా భాషలు ఇలా చెయ్యవు. అందుకే ఇప్పటికీ భాషాశాస్త్రజ్ఞులు ద్రావిడ భాషల్లోని ఈ వింతమీద పేపర్లు రాస్తూ ఉంటారు.

కాలం సంగతి కూడా అంతే. ఇంగ్లీషులో చెప్పడం నిన్నటిదైతే చెప్పిన విషయం కూడా ఒక మెట్టు వెనక్కి దిగాలి. "ఈజ్" అన్నది "వజ్" అవుతుంది, "విల్" అన్నది "వుడ్" అవుతుంది. మనకి ఆ బాధ లేదు. వస్తానన్నాడు, అంతే. అన్నది ఎప్పుడో అన్నాడు, వస్తాననేది మాత్రం అన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అందుకే మనవాళ్ళు ఈ దేశానికి వచ్చి పదేళ్ళయినా "హి టోల్డ్ దట్ హి విల్ కమ్" అంటూనే ఉంటారు. తెలుగు వాక్యాన్ని ముక్కముక్కగా విడదీసి మళ్ళీ పేర్చడమే ఇది. ఇందులో పొరపాటు "విల్" దగ్గర ఉన్నదానికన్నా "టోల్డ్" దగ్గర పెద్దది. "విల్" అన్నందుకు ఎవరూ ఏమీ అనుకోరు, మాటల్లో అమెరికన్లూ అంటారు. "టోల్డ్" తరవాత మాత్రం మనిషి ఉండి తీరాలి. నేను కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి ఒక చిట్కా చెబుతుంటాను. నాతో అన్నాడు, నాకు చెప్పాడు. "అన్నాడు" ఉన్నచోట "సెడ్", "చెప్పాడు" ఉన్నచోట "టోల్డ్". ఎవరికి చెప్పాడో తెలియకపోతే "టోల్డ్" వాడకండి. అన్నివేళలా సరిపోదుగానీ నూటికి తొంభైసార్లు గట్టెక్కిస్తుంది.

మా ఉద్యోగాల్లో ఇది ఎంత తంటా తెస్తుందో సాఫ్టువేరువాళ్ళకి చెప్పక్కర్లేదు. హైదరాబాదు నుంచి ఈమెయిలు వస్తుంది: "క్లయింట్ టోల్డ్ దట్ దే విల్ గివ్ అప్రూవల్ టుమారో." ఎవరికి చెప్పారు? ఎప్పుడు చెప్పారు? టుమారో అంటే ఎవరి టుమారో? హైదరాబాదు మన తూర్పుతీరంకన్నా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. వాళ్ళ రేపు మన రాత్రికే మొదలైపోతుంది. పాత గ్రామరు మాస్టారు "టుమారో"ని "ది నెక్స్ట్ డే" చెయ్యమని బెత్తం పుచ్చుకుని చెప్పింది ఇందుకే అని నాకు ఇలాంటి కాన్ఫరెన్సు కాల్సు చాలా అయ్యాకగానీ తెలియలేదు. "సర్వర్ ఈజ్ డౌన్" అని వాడు చెప్పినదాన్ని మనం గంట తరవాత మేనేజరుకి "హి సెడ్ ది సర్వర్ వజ్ డౌన్" అని అప్పచెబితే, ఆయన మొహం విప్పారి "సో ఇట్ ఈజ్ అప్ నౌ?" అంటాడు. గ్రామరు ప్రకారం మనది తప్పు కాదు. కానీ ఇప్పటికీ అలాగే ఉన్న సంగతిని "ఈజ్"తో చెప్పడమే ఇక్కడ మేలు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని టీచరు చెప్పినప్పుడు కాలం మార్చకూడదని మనకి చిన్నప్పుడే నేర్పారు కదా, సర్వరు పడిపోవడాన్ని కూడా అలాంటి శాశ్వత సత్యంగానే భావించండి.

కంప్యూటరువాడిని కాబట్టి ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. ఎక్సెల్ షీటులో ఒక ఫార్ములాని పక్క గడిలోకి కాపీ చేస్తే అందులోని ఏ1 కాస్తా బి1 అయిపోతుంది. చోటు మారితే చూపు మారుతుంది. మారకూడదంటే ముందు డాలరు గుర్తు పెట్టాలి. నేను, నువ్వు, ఇక్కడ, రేపు అనే మాటలన్నీ డాలరు గుర్తు లేని గడులే. ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి కాపీ చెయ్యగానే మారిపోతాయి. ఇన్వర్టెడ్ కామాలే ఇక్కడ డాలరు గుర్తు. తెలుగుకి ఆ కామాలు అచ్చుయంత్రంతోపాటు వచ్చినవే. తాటాకుల మీద కామా ఎక్కడిది? అంతకుముందు ఆ పని అంతా "అని" ఒక్కటే చేసేది, ఇప్పటికీ నోటిమాటలో అదే చేస్తోంది. సంస్కృతంలో "ఇతి" చేసే పని ఇది, తమిళంలో "ఎన్రు" చేసే పని ఇది. కాకపోతే ఒక చిక్కుంది. "అని" మూసే బ్రాకెట్టే, తెరిచే బ్రాకెట్టు లేదు! మాట ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ అయిపోయిందో మాత్రం తెలుస్తుంది. అందుకే తెలుగు వార్తాపత్రికలో ఆరు లైన్లపాటు ప్రభుత్వాన్ని చీల్చి చెండాడిన వాక్యం చదివి, పత్రికవాడికి ఇంత ధైర్యం ఎక్కడిదా అని మనం ఆశ్చర్యపోతుండగా, ఏడో లైనులో "అని ప్రతిపక్ష నాయకుడు ఆరోపించారు" అని తేలుతుంది.

"అని"కి తమ్ముడు "అట". వచ్చాడట, పెళ్ళయిందట, ఇల్లు అమ్మేశారట. ఒక్క అక్షరం కలపగానే బాధ్యత అంతా ఎవరిమీదకో వెళ్ళిపోతుంది. ఎవరిమీదకో కూడా చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో దీనికి సరిసాటి మాట లేదు. మనం దాన్ని "ఇట్ సీమ్స్" చేసి వాక్యం చివర తగిలించాం, "హి ఈజ్ కమింగ్ ఇట్ సీమ్స్" అని. ఇక్కడి పిల్లలు అది విని నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళు మాత్రం తక్కువా? "షి వజ్ లైక్, నో వే! అండ్ ఐ వజ్ లైక్, హలో?" అంటూ ఫోన్లో గంటలు గడిపేస్తారు. ఈ "వజ్ లైక్" మీద భాషాశాస్త్రజ్ఞులు 1980ల నుంచీ తెగ పరిశోధిస్తున్నారు. అన్న మాట అక్షరాలా అదే కానక్కర్లేదు, మొహం ఎలా పెట్టిందో, మనసులో ఏమనుకుందో కూడా అందులో ఇమిడిపోతుంది. మన "అని" కూడా అంతే కదా. దబ్బుమని పడ్డాడు, గలగలమని నవ్వింది, వాన వస్తుందని గొడుగు తెచ్చాను. పడినవాడు "దబ్బు" అని అనలేదు, నేను గొడుగుతో ఏమీ అనలేదు.

ఆజ్ఞల దగ్గర మన భాష ఇంకా ముచ్చటగా ఉంటుంది. రమ్మంది, పొమ్మన్నాడు, తినమన్నారు, కూర్చోమన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలు వీటిని "రా అని చెప్పింది" అంటారు. తప్పేం లేదు, అర్థమవుతుంది. కానీ "రమ్మంది"లో ఉన్న ఆత్మీయత అందులో లేదు. పాతకాలపు ఇళ్ళలో భార్యాభర్తల మధ్య సగం సంసారం ఈ ప్రత్యయం మీదే నడిచేది. ఆయన వీధి అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, మధ్యలో ఉన్న పిల్లాడితో "మీ నాన్నని భోజనానికి రమ్మను" అంటుంది. ఆయన ఆ మాట స్పష్టంగా విని కూడా "ఏమంటోందిరా మీ అమ్మ?" అంటాడు. నాలుగడుగుల దూరంలో ఇంత పరోక్ష కథనం ఏ గ్రామరు పుస్తకంలోనూ ఉండదు.

పిల్లలకి మాట చేరవెయ్యడం నేర్పడం కష్టమే. మాకు తెలిసిన వాళ్ళింట్లో ఎనిమిదేళ్ళ పాప గుంటూరు నుంచి బామ్మ చేసిన ఫోను ఎత్తింది. బామ్మ "నేను అలిగానని మీ నాన్నకి చెప్పు" అంది. పాప లోపలికి పరిగెత్తుకెళ్ళి "డాడీ, గ్రాండ్‌మా సేస్ ఐ యామ్ యాంగ్రీ" అంది. వాళ్ళ నాన్న "నీకేం కోపం వచ్చిందమ్మా?" అని కూతుర్ని దగ్గరికి తీసుకుని పావుగంటసేపు బుజ్జగించాడట. బామ్మ ఇంకా లైనులోనే ఉంది. అలక రెట్టింపయింది.

ఇంతసేపూ సరదాగా చెప్పుకున్నాం. అసలు నేను ఈసారి ఈ విషయం ఎత్తుకున్నది వేరే కారణానికి.

తెలుగు క్రియ ఎవరి సంగతో పట్టి ఇస్తుందని పైన గొప్పగా చెప్పాను కదా. ఒక్కచోట మాత్రం అది చేతులెత్తేస్తుంది. "నాకు జ్వరం వచ్చిందని చెప్పాడు." జ్వరం ఎవరికి? అన్నవాడికా, నాకా? క్రియ జ్వరాన్ని పట్టుకు వేలాడుతోంది, మనిషిని కాదు. నాకు నొప్పి, నాకు ఆయాసం, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. మన రోగాలన్నీ ఇదే తీరు. రోగం మనకి వస్తుందిగానీ మనం రోగాన్ని చెయ్యం కాబట్టి క్రియలో "నేను" ఉండదు. అంటే, ఎవరి మాట ఎవరిదో మనకి అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యే చోటే మన భాష మనకి సాయం చెయ్యదు. ఆ చోటు డాక్టరుగారి గది.

మనలో చాలామంది అమ్మానాన్నలు ఆరునెలల వీసా మీద వస్తారు. కొందరు గ్రీన్‌కార్డు మీద ఉండిపోతారు. ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి కొడుకో కూతురో తీసుకెళ్తారు. అక్కడ జరిగే సంభాషణ మీకు తెలిసిందే. డాక్టరు రోగిని చూడకుండా కొడుకు వైపు తిరిగి "హౌ ఈజ్ హర్ పెయిన్?" అంటాడు. కొడుకు అమ్మని అడుగుతాడు. అమ్మ రెండు నిమిషాలు చెబుతుంది. ఎప్పుడు మొదలైందో, అప్పుడు ఏం తింటోందో, పక్కింటి సుబ్బమ్మగారికి కూడా ఇలాగే వస్తే ఏం చేశారో అన్నీ చెబుతుంది. కొడుకు డాక్టరు వైపు తిరిగి "షి సేస్ ఇట్స్ ఓకే" అంటాడు.

మా ఊళ్ళో ఒకాయన తల్లిగారికి అలాంటిదే జరిగింది. ఆవిడకి డెబ్భై దాటాయి, సుగరు ఉంది. వచ్చిన మూడోవారం నుంచీ నీరసం అంటోంది. ప్రయాణపు బడలిక అనుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళి కొడుకు "షి సేస్ షి ఈజ్ టైర్డ్" అని చెప్పాడు. అది అబద్ధం కాదు. ఆవిడ "నీరసం" అన్న మాట అన్నమాట నిజం. ఆ డాక్టరమ్మకి ఏం తోచిందో, "ఆవిడ అన్నది ఆవిడ మాటల్లోనే వినాలి" అని ఫోను స్పీకర్లో పెట్టి తెలుగు దుబాసీని పిలిపించింది. అటువైపు ఎవరో అబ్బాయి. ఆవిడ మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. సుబ్బమ్మగారితో సహా. ఆ అబ్బాయి ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. మధ్యలో ఒకచోట "మెట్లెక్కుతుంటే గుండెలమీద ఎవరో కూర్చున్నట్టుంటుంది, దవడ లాగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది" అన్న మాట వచ్చింది. అతను దాన్ని అలాగే "ఐ ఫీల్ యాజ్ ఇఫ్ సమ్‌వన్ ఈజ్ సిట్టింగ్ ఆన్ మై చెస్ట్" అని మొదలుపెట్టి చెప్పాడు. డాక్టరమ్మ రాసుకోవడం ఆపి తలెత్తింది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు, మర్నాడు రెండు స్టెంట్లు వేశారు. సుగరు ఉన్నవాళ్ళలో, వయసు మీదపడ్డవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో గుండెజబ్బు సినిమాల్లోలాగా చెయ్యి ఛాతీమీద వేసుకుని పడిపోయే నొప్పిగానే రానక్కర్లేదు. నీరసంగా, ఆయాసంగా, దవడనొప్పిగా, గ్యాసులాగా కూడా వస్తుంది. ఆ సంగతి ఆ డాక్టరమ్మకి తెలుసు. కానీ "టైర్డ్" అనే ఒక్కమాటలోంచి ఆవిడ ఎంతని ఊహించగలదు?

ఇక్కడ గమనించాల్సింది ఆ అబ్బాయి "ఐ ఫీల్" అనడం. "షి సేస్ షి ఫీల్స్" అనలేదు. ఈ దేశంలో ఆసుపత్రి దుబాసీలకి, కోర్టు దుబాసీలకి నేర్పే మొదటి సూత్రం అదే. చెప్పేది రోగి మాట కాబట్టి "నేను" అనే చెప్పాలి, ఇండైరెక్టు స్పీచిలోకి మార్చకూడదు. తన సంగతి ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే "ది ఇంటర్‌ప్రెటర్" అని మూడోమనిషిలా చెప్పుకోవాలి. "షి సేస్" అని మొదలుపెట్టామంటే చాలు, మనకి తెలియకుండానే సంపాదకులం అయిపోతాం. కొంత కోస్తాం, కొంత సర్దుతాం, కొంత మర్యాద చేస్తాం. "ఐ" అన్నప్పుడు ఆ చనువు ఉండదు. ఇందులో హాస్యం కూడా లేకపోలేదు. ఒక పెద్దావిడ మొదటిసారి ఈ పద్ధతి చూసి, "నాకు కడుపులో నొప్పి అని నేను చెబుతుంటే, ఆ అబ్బాయి 'మై స్టమక్' అంటాడేమిటి? వాడికి కూడా వచ్చిందా?" అని జాలిపడింది.

రెండోవైపు సంగతి ఇంకా బరువైనది. డాక్టరు చెప్పింది అమ్మకి చెప్పడం. బయాప్సీలో ఫలానా కనిపించింది, ఫలానా స్టేజి, ఇవీ మన ముందున్న దారులు అని డాక్టరు పది నిమిషాలు చెబుతాడు. కొడుకు గొంతు పెగుల్చుకుని "ఏం ఫరవాలేదమ్మా, మందులు వాడితే తగ్గిపోతుందట" అంటాడు. ఆ చివరి "ట" చూశారా? డాక్టరు అనని మాటకి డాక్టరే పూచీ. ఆ కొడుకు బాధ నాకు తెలియనిది కాదు. మన ఊళ్ళలో కాన్సరు అన్న మాట రోగి చెవిన పడకుండా కాపాడటమే ప్రేమ అనుకునే ఇళ్ళలోనే మనందరం పెరిగాం. నేను దాన్ని తేలిగ్గా తీసెయ్యను. కానీ ఇక్కడ డాక్టరు రోగినే అడుగుతాడు, ఆపరేషను కావాలా వద్దా అని. సంతకం ఆవిడే పెట్టాలి. "తగ్గిపోతుందట" అని విన్న మనిషి దేనికి సంతకం పెడుతున్నట్టు? నా అభిప్రాయం అడిగితే, చెప్పాలా వద్దా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి. అమ్మనే అడగాలి, "నీకు అన్నీ చెప్పమంటావా, నన్ను చూసుకోమంటావా" అని. కొందరు నువ్వే చూసుకో నాయనా అంటారు. ఆ మాట ఆవిడే డాక్టరుతో అంటే ఏ పేచీ లేదు. అనువాదం ముసుగులో మాత్రం ఆ నిర్ణయం జరగకూడదు.

దుబాసీ అంటే మనకి కొత్తా? మద్రాసులో కంపెనీవాళ్ళ రోజుల్లో మన తెలుగువాళ్ళు ఆ వృత్తిలో పేరు తెచ్చుకున్నారు. 1830-31లో కాశీకి వెళ్ళొచ్చి ఆ యాత్ర కథ రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరే. ఇప్పుడు ఆ పని ఇక్కడ ఎక్కువగా ఫోనులోనూ వీడియోలోనూ జరుగుతోంది. ఫెడరల్ ప్రభుత్వం నుంచి నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి డబ్బు తీసుకోకుండా దుబాసీని ఏర్పాటు చెయ్యాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం, 2010 నాటి ఆరోగ్యచట్టంలోని 1557వ సెక్షను దీనికి ఆధారం. ప్రాణం మీదకొచ్చిన అత్యవసర పరిస్థితిలో తప్ప చిన్నపిల్లల్ని ఈ పనికి వాడకూడదని కూడా నిబంధన ఉంది. అందుకని మనవరాలిని స్కూలు మాన్పించి తీసుకెళ్ళకండి. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే "తెలుగు" అని చెప్పి, స్పెల్లింగు కూడా చెప్పండి. అవతలివాళ్ళు "తగాలాగ్" అని రాసుకుని ఫిలిప్పీన్సు దుబాసీని పిలిచిన సందర్భాలు ఉన్నాయి. మీరు పక్కనే ఉండండి. సుగరు మందు పేరు, పాత రిపోర్టులు మీకే తెలుస్తాయి. నోరు మాత్రం ఆవిడకి వదిలెయ్యండి.

అయితే ఒక హెచ్చరిక. ఇందాక చెప్పిన తల్లిగారు స్టెంట్ల తరవాత చెకప్పుకి వెళ్ళినప్పుడు మళ్ళీ ఫోన్లో తెలుగు గొంతు వినబడగానే ప్రాణం లేచొచ్చి, డాక్టరమ్మ అడిగిన ప్రశ్న పక్కన పెట్టి, "ఏ ఊరు బాబూ మీది?" అంది. గదిలో ఎవరు ఏ మాట అన్నా రెండోవాళ్ళకి చెప్పి తీరాలన్నది దుబాసీల నియమం. అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. తరవాత గొంతు సవరించుకుని ఆ అబ్బాయి ఇంగ్లీషులో డాక్టరమ్మకి విన్నవించుకున్నాడు: "ది పేషంట్ ఈజ్ ఆస్కింగ్ ది ఇంటర్‌ప్రెటర్ విచ్ విలేజ్ హి ఈజ్ ఫ్రమ్." డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, తనకీ తెలుసుకోవాలని ఉందంది.